నడుమ మిట్టగల చెరువు

సరోవర వర్ణన పద్యాలను ముప్పది మూడేళ్ళపాటు పిల్లలకు బోధించినవాడిని నేను. తామరలు, తుమ్మెదలు, హంసలు, చక్రవాకాలు, గట్టున మామిడితోపులు, తోపులలో చిలుకలు... వీటిలో హంసను నేనెన్నడూ చూడలేదు. చక్రవాకం ఎదుట వాలినా గుర్తుపట్టగలనో లేదో. అయినా ప్రతిపదార్థం చెప్పేటప్పుడు ఏనాడూ తడుముకొన్నవాడిని కాను. తడుముకోవలసిన ఒకానొక చోట తడుముకొననందువల్ల జరిగిన పొరపాటు ఒకటి ఏళ్ళ తరబడి నాతోనే ఉన్నది. దానిని చెప్పుకోవాలంటే ముందుగా ఒక చెరువును గురించి చెప్పాలి. ఆ చెరువు పేరు లక్నవరం.

వరంగల్లు నుండి ములుగు మీదుగా ఏటూరునాగారం వైపు వెళ్ళే బాటను నేడు 163వ జాతీయ రహదారి అంటున్నారు. గోవిందరావుపేట మండలంలో బుస్సాపూర్ దగ్గర ఆ రహదారిని వదలి దక్షిణానికి తిరిగితే ఏడెనిమిది కిలోమీటర్ల లోపల ఉన్నది లక్నవరం. వరంగల్లు నుండి మొత్తం మీద డెబ్బది, ఎనుబది కిలోమీటర్ల ప్రయాణం. నేను ఉద్యోగం చేసిన కాలంలో అదంతా వరంగల్లు జిల్లాయే. 2016లో భూపాలపల్లి జిల్లాలోకి పోయి, 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా ఏర్పడగా దానిలో చేరినది. పరిపాలనా సరిహద్దులు ఎన్ని మారినా చెరువు మాత్రం ఉన్నచోటనే ఉన్నది.

ఆ ఏడెనిమిది కిలోమీటర్ల దారి ఒక పాఠం వంటిది. మొదట పొలాలు, కాలువలు, ఊళ్ళు. పిదప పొలాలు వెనుకబడి అడవి ఎదురౌతుంది. టేకు, మద్ది, ఇప్ప, తునికి, మోదుగ, నడుమ నడుమ వెదురు పొదలు. అంత పెద్ద చెరువు దగ్గరలోనే ఉన్నదన్న జాడ ఏదీ కనబడదు. మన మైదానపు చెరువులు అలా కాదు. ఊరికి రాకముందే పొడుగాటి కట్ట, కట్టమీది తాటిచెట్లు కనబడతాయి. లక్నవరం మాత్రం కొండల ఒడిలో దాగి ఉంటుంది. చివరి మలుపు దాకా అడవే. మలుపు తిరిగితే నీరు.

ఇలా దాగి ఉండటానికి కారణం దాని నిర్మాణంలోనే ఉన్నది. చుట్టూ కొండలు. కొండల నడుమ లోయ. లోయలో పడిన వాననీరు బయటికి పోవటానికి మూడే ఇరుకైన సందులు. పదమూడవ శతాబ్దంలో, కాకతీయుల కాలంలో, ఆ మూడు సందులకు మూడు పొట్టి కట్టలు వేశారు. అంతే. మిగిలిన గోడలన్నీ కొండలే. మైదానంలో ఇంత నీటిని నిలపాలంటే క్రోసుల పొడుగున మట్టి మోయవలసి వచ్చేది. ఇక్కడ నిర్మాత చేసిన పనికన్న, పని చేయకముందు చూచిన చూపు గొప్పది. ఎక్కడ ఎంత తక్కువ కట్టితే ఎంత ఎక్కువ నీరు నిలుస్తుందో కనిపెట్టిన ఆ చూపు ఎవరిదో మనకు పేరు తెలియదు.

ఆ కాలంలో ఈ ప్రాంతమంతా చెరువుల కాలమే. గణపతిదేవ చక్రవర్తి 1199 నుండి 1262 దాకా ఏలినాడు. ఆయన సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడి కట్టించి శాసనం వేయించినది 1213లో. ఆ గుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గుడి ప్రక్కనే రామప్ప చెరువు. నర్సంపేట వైపు అడవులలో పాఖాల. సంతానం ఏడు విధాలన్నారు పెద్దలు. కొడుకు, నిధి, దేవాలయం, వనం, అగ్రహారం, కావ్యం, తటాకం. కన్నకొడుకు ఒక తరంతో పోతాడు గాని చెరువు ఎనిమిది వందల ఏళ్ళుగా అన్నం పెడుతూనే ఉన్నది.

పాఖాల మాట వచ్చింది గనుక ఒక విశేషం చెబుతాను. గోదావరీ ప్రాణహితల లోయలో దొరికే అతి ప్రాచీన శిలల వరుసకు భూగర్భశాస్త్రజ్ఞులు పాఖాల పేరే పెట్టుకొన్నారు. నూరు కోట్ల ఏళ్ళకు పైబడిన రాళ్ళు అవి. ఎనిమిది వందల ఏళ్ళనాటి చెరువు పేరు నూరు కోట్ల ఏళ్ళ రాతికి వచ్చినది! మనుమడి పేరు ముత్తాతకు పెట్టినట్లు. చెరువు ఎంత లోతుగా జనం నాలుకమీద నిలిచినదో దీనివల్ల తెలుస్తుంది.

ఇక లక్నవరం అందమంతా దాని దీవులలో ఉన్నది. పదమూడు దీవులని లెక్క చెబుతారు. అవి నీటిలో పుట్టిన దీవులు కావు. లోయలో ఉండిన చిన్న చిన్న గుట్టలు. కట్టలు వేసిన తరువాత నీరు నెమ్మదిగా పైకి లేచి వాటి పాదాలను, నడుములను ముంచింది. తలలు మాత్రం చెట్లతో సహా పైన మిగిలినవి. అందుచేత ఆ లెక్క ఎప్పుడూ ఒకేలా ఉండదు. వానకాలం చివర నిండుకుండలా ఉన్నప్పటి దీవి, ఎండాకాలం నీరు తగ్గగానే ఒడ్డుతో చేయి కలిపి మళ్ళీ మామూలు గుట్ట అవుతుంది. కావ్యానికి పదునెనిమిది వర్ణనలు ఉండాలని లాక్షణికులు చెప్పినవాటిలో శైలం, ఉద్యానం, జలక్రీడ ఉన్నవి. మూడింటికీ ఒకేచోట ఆధారం దొరికే ఇటువంటి తావు ఏ ప్రబంధకవికీ తటస్థించినట్లు లేదు.

ఇదంతా ఇప్పుడు చెప్పగలుగుతున్నాను. 1986లో చెప్పలేకపోయాను.

అప్పుడు నాకు ఇరువది ఏడేళ్ళు. ఓరుగల్లులో ప్రాచ్యభాషలు చదివి, పండిత శిక్షణ ముగించుకొని, 1984లో ఉద్యోగంలో చేరినాను. రెండేళ్ళకు ఆ ప్రాంతపు ఒక ఊరి ఉన్నత పాఠశాలకు బదిలీ అయింది. ఊరి పేరు వ్రాయను. లక్నవరం నీళ్ళతో పండే ఊళ్ళలో అది ఒకటి అని చెబితే చాలు.

తొమ్మిదవ తరగతిలో ఒకనాడు చెరువు వర్ణన పాఠం వచ్చింది. పాఠంలో ఉన్నదానితో ఆగితే పండితుడినెట్లా అవుతాను? నాకు తెలిసిన పోరుమామిళ్ళ శాసనాన్ని పిల్లలకు వినిపించినాను. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369లో వేసిన సంస్కృత శాసనం అది. విజయనగర ప్రభువు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించినాడు. దినానికి వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళు పట్టినదట. ఆ శాసనం ప్రత్యేకత ఏమంటే, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, ఉండరాని ఆరు దోషాలనూ ఏకరువు పెట్టింది.

ధర్మాత్ముడైన రాజు ఉండాలి. జలశాస్త్రం తెలిసినవాడుండాలి. నేల గట్టిగా ఉండాలి. తీయని నీటి ఏరు ఉండాలి. చెరువును తాకుతూ కొండ ఉండాలి. కొండల నడుమ కట్ట మరీ పొడుగు కాక, రాతితో దృఢంగా ఉండాలి. గర్భం విశాలంగా, లోతుగా ఉండాలి. దగ్గరలో రాతిగని ఉండాలి. క్రింద చదునైన సారవంతమైన పొలాలుండాలి. పనితనం ఎరిగిన మనుషులుండాలి. ఇటువంటివి అంగాలు. ఇక దోషాలు. కట్టనుండి నీరు ఊరటం, చవిటినేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు నడుమ నేల మిట్టగా ఉండటం, నీరు తక్కువై పొలం ఎక్కువ కావటం, నీరు ఎక్కువై పొలం తక్కువ కావటం.

నల్లబల్లమీద వరుసగా వ్రాసి, వెనుదిరిగి, గర్వంగానే చూచినాను. వెనుక బల్ల మీదినుండి ఒక కుర్రవాడు లేచి నిలబడినాడు. వాళ్ళ నాయన నీరటి. అంటే తూము తెరిచి, మూసి, మడి మడికీ నీరు పంచేవాడు. ఆ రోజులలో వెనుక బల్ల ఎవరిదో నేను విడమరచి చెప్పనక్కరలేదు.

"సార్, మరి మన లక్నవరం చెరువు నడుమ గుట్టలున్నయి గద. అది గుడ దోషమేనా?"

తరగతి అంతా నా వైపు తిరిగింది. నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పటం ఆ వయస్సులో నాకు చేతకాలేదు. పైగా అప్పటికి నేను లక్నవరం చూడలేదు! అంత దగ్గరలో కాపురముంటూ చూడలేదు. దారి మంచిది కాదు, ఒంటరిగా అడవిలోకి పోవటం క్షేమం కాదు, ఆ రోజులలో అడవి అంటే రెండు వైపులా తుపాకుల భయం. ఇవన్నీ నిజమే. కాని చూడకపోవటానికి అసలు కారణం నాకు చెరువు అక్కరలేకపోవటం. నాకు పద్యంలో చెరువు ఉన్నది, శాసనంలో చెరువు ఉన్నది.

"శాసనం వేసినవాళ్ళకంటె నీకు ఎక్కువ తెలుసురా? చెరువు సంగతి మీ నాయన చూచుకొంటాడు గాని, నువ్వు పద్యం అప్పజెప్పు" అన్నాను.

పిల్లలు నవ్వినారు. నవ్వుతారని తెలిసే అన్నాను. వాడికి పద్యం సగం వచ్చింది, సగం రాలేదు. ఆ గంట ముగిసేదాకా నిలబెట్టినాను. వాడు ఏడవలేదు, అలగలేదు, బడి మానలేదు. మరునాడు మామూలుగానే వచ్చినాడు. పదవ తరగతి కూడా ఆ బడిలోనే పూర్తి చేసినాడు. కాని ఆ రెండేళ్ళలో నన్ను మళ్ళీ ఒక్క ప్రశ్న కూడ అడగలేదు. బడి మాని ఉంటే పేదరికం మీద నెపం వేసి మరచిపోయేవాడినేమో. ప్రతిదినం ఎదురుగా కూర్చొని ఏమీ అడగని పిల్లవాడిని మరచిపోవటం సాధ్యం కాదు.

1991లో అక్కడినుండి బదిలీ అయింది. తరువాత ఎన్నో బడులు. 2017లో పదవీ విరమణ చేసి హనుమకొండలో స్థిరపడినాను. ఈలోగా లక్నవరానికి వేలాడే వంతెన వచ్చింది, దీవులలో పర్యాటకశాఖవారి కుటీరాలు వచ్చినవి, మంచి దారి పడింది. బంధువులు, సహోపాధ్యాయులు ఎన్నోసార్లు పిలిచినారు. ప్రతిసారీ ఏదో ఒక సాకు చెప్పినాను. మోకాలి నొప్పి, ముహూర్తాలు, ఎండలు. అసలు సాకు ఏమిటో నాకు మాత్రమే తెలుసు.

చివరకు 2025 సంక్రాంతి సెలవులలో పట్టుబట్టి తీసుకుపోయినది నా మనుమరాలు. దానికి పన్నెండేళ్ళు. మా అబ్బాయి కారు నడిపినాడు.

వంతెన దగ్గర తిరునాళ్ళ వలె జనం. వంతెన మీద అడుగు పెడితే ఊగుతుంది. నా మనుమరాలికి అదే సంబరం. నేను తీగ పట్టుకొని నడుమ నిలబడి చూచినాను. ఒక దీవి వెనుక మరొక దీవి, దాని వెనుక ఇంకొకటి. చెరువంతా ఒకే చూపుకు ఎక్కడినుండీ కనబడదు. ఇదే దాని మహిమ అని అప్పుడు తోచినది. మైదానపు చెరువును గట్టుమీద నిలబడి ఒక్కసారి చూస్తే అయిపోతుంది. ఇక్కడ ప్రతి దీవి చాటునా ఇంకా చూడవలసిన నీరు కొంత మిగిలే ఉంటుంది. చెట్ల నీడ పడినచోట ముదురాకుపచ్చ, ఎండపడినచోట తళుకు. పడవ మర చప్పుడు ఆగినప్పుడల్లా ఏదో పిట్ట కూత.

అక్కడ నిలబడగా, చదివిన చదువు కాస్త ఉపయోగపడింది. భోజుడు తన సరస్వతీకంఠాభరణంలో కావ్యగుణాలను చెబుతూ వైశేషిక గుణాలని ఒక తెగను చెప్పినాడు. సాధారణంగా దోషాలే అయినా సందర్భవిశేషం చేత గుణాలుగా మారేవి అవి. పునరుక్తి దోషం. కాని దుఃఖితుని నోట అదే గుణం. ఇది నేను పరీక్షకు చదివి, మార్కులు తెచ్చుకొన్న విషయం. శాసనం చెప్పిన దోషం కూడ ఇటువంటిదే. మైదానంలో నడుమ మిట్ట ఉంటే అంత నీటి తావు పోయినట్లే, దోషమే. కాని కొండలు చెరువును తాకాలని, కట్ట పొట్టిగా ఉండాలని అదే శాసనం కోరింది గదా! కొండల నడుమ చెరువు కట్టితే గుట్టలు లోపల చిక్కకుండా ఎట్లా ఉంటాయి? కట్టను పొట్టిగా చేసిన కొండల సంతానమే ఆ మిట్టలు. ఆ గుణం కావాలంటే ఈ దోషాన్ని కూడ ఇంటికి తెచ్చుకోవాలి. వాడి ప్రశ్నకు ఈ జవాబు 1986లోనే నా పుస్తకాల పెట్టెలో ఉన్నది. ప్రశ్నను ప్రశ్నగా విని ఉంటే ఆ సాయంకాలమే దొరికేది.

తిరుగుదారిలో రోడ్డు ప్రక్క టీ దుకాణం దగ్గర కారు ఆపించి, వాళ్ళ నాయనను గుర్తు చెప్పి అడిగినాను. ఆ పెద్దాయన ఏనాడో పోయినాడట. కొడుకు ఊరిలోనే ఉన్నాడని చెప్పినారు. ఇల్లు కనుక్కోవటం కష్టం కాలేదు.

యాబది నాలుగేళ్ళ మనిషి. తల నెరిసింది. నాట్లు వేయించి అప్పుడే పొలం నుండి వచ్చినట్లున్నాడు, మోకాళ్ళ దాకా బురద. నన్ను చూచి ఒక్క నిమిషం ఆలోచించి, "తెలుగు సారు గద!" అని లోపలికి కేక వేసి కుర్చీ తెప్పించినాడు. తాను గడప మీద కూర్చోబోతే చేయిపట్టుకొని ప్రక్కన మంచంమీద కూర్చోబెట్టినాను.

నేను వచ్చిన పని చెప్పినాను. తరగతి, శాసనం, అతని ప్రశ్న, నా మాట, అన్నీ చెప్పినాను. క్షమించమని కూడ అన్నాను. అతడు చాలా ఇబ్బంది పడినాడు.

"నాకు యాదికే లేదు సార్. మీరు భారతం పద్యాలు రాగం తీసి చదువుతుంటిరి, అది యాదున్నది. అప్పుడు కొట్టని సారెవరు, తిట్టని సారెవరు? దీనికోసం ఇంత దూరమొచ్చిన్రా?"

అతడికి జ్ఞాపకం లేదు. ఇన్నేళ్ళు నేను మోసినదాన్ని అతడు ఆనాడే ఎక్కడో దింపివేసినాడు. లేదా నా ముఖం చూచి జ్ఞాపకం లేదన్నాడేమో. ఆ రెండింటిలో ఏది నిజమో తేల్చుకొనే హక్కు నాకు లేదనుకొని ఊరుకొన్నాను.

టీ వచ్చింది. కాసేపటికి అతడే మళ్ళీ ఆ మాట ఎత్తినాడు.

"ఇంతకూ అది దోషమేనా సార్?"

నేను భోజుని సంగతి, కొండల సంగతి చెప్పినాను. శ్రద్ధగా విని తల ఊపినాడు. పిదప అన్నాడు: "మా నాయిన వేరే తీరుగ చెప్పేది సార్. నడుమ గుట్టలు లేకపోతే గాలి ఆ కొస నుంచి ఈ కొస దాక పాణం పెట్టి ఉరుకుతది. ఉరికిన కొద్ది అల పెద్దగైతది. పెద్ద అలలొచ్చి కట్టను కొడితే రాళ్ళు జారిపోతయి, మట్టి కోసుకపోతది. గుట్టలున్నయి గాబట్టి గాలి ఆడాడ ఆగుతది. చెరువు నడుమ కావలోళ్ళను నిలబెట్టినట్టు సార్ అవి."

నేను మాటాడలేదు.

"ఇంకోటి. ఏ గుట్ట పాదం బయటపడ్డదో చూస్తే నీళ్ళు ఎంతున్నయో ఎరుకైతది. యాసంగికి ఎన్ని ఎకరాలు నాటాల్నో మా నాయిన గుట్టలను చూసే చెప్పేది. ఇప్పుడు స్కేలు పెట్టిన్రు గని, నేను ఇప్పటికి గుట్టలనే చూస్త."

ఈ రెండు సంగతులూ 1986లోనే వాళ్ళింట్లో ఉన్నవి. వాడు ప్రశ్న అడిగినది తెలియక కాదేమో. తన తండ్రికి తెలిసినది, పంతులు చెప్పినది ఎక్కడ పొసగటం లేదో చూచి అడిగినాడు. "మీ నాయన చూచుకొంటాడు" అని నేను వెటకారంగా అన్నమాట అక్షరాలా సత్యమైనది. ఆయనే చూచుకొన్నాడు, ఆయనకే తెలుసు. నేను ఆ సాయంకాలం వాళ్ళింటికి పోయి అడిగి ఉంటే సరిపోయేది.

ఆ ప్రాంతానికే ఇటువంటి రెండు చరిత్రలు ఉన్నవనిపిస్తుంది నాకు. ఒకటి శాసనాలలో ఉన్నది, కాకతీయులది. రెండవది మేడారంలో ఉన్నది. లక్నవరం నుండి ఒక పూట ప్రయాణం. కరువులో కప్పం కట్టలేకపోయిన కోయదొర పగిడిద్దరాజుపై ప్రతాపరుద్రుని సేన దండెత్తి వచ్చిందనీ, సమ్మక్క, సారలమ్మలు పోరాడినారనీ, జంపన్న సంపెంగవాగులో పడి ప్రాణం విడిచినాడనీ, అందుకే అది జంపన్నవాగు అయినదనీ ఐతిహ్యం. ఆ కథకు శిలాశాసనం లేదు. అయినా రెండేళ్ళకొకసారి మాఘమాసంలో లక్షలాది జనం వచ్చి ఆ కథకు సాక్ష్యం చెబుతారు. చెరువులు తవ్వించిన వంశమే కరువులో కప్పం అడిగినదని చెప్పే కథ అది. శాసనానికెక్కిన మాటే ప్రమాణమని నేర్చుకొన్న నా వంటివాడికి ఈ రెండవ చరిత్రను వినే చెవి ఆలస్యంగా వచ్చింది.

ప్రొద్దు ఇంకా ఉన్నదని అతడే మమ్మల్ని కట్ట మీదికి తీసుకుపోయినాడు. పర్యాటకులు పోయే వైపు కాదు, తూము ఉన్న వైపు. కట్ట మీద నిలబడితే ఒక ప్రక్క దీవులు, అడవి, నిశ్చలమైన నీరు. మరొక ప్రక్క కాలువలో ఉరుకుతున్న నీరు, దూరాన యాసంగి నాట్లు. ఒకే నీరు. ఇటు అందం, అటు అన్నం. వంతెన మీద నిలబడినవారికి సగమే కనబడుతుంది.

"ఇరవై మూడులో వానలు చూసిన్రా సార్?" అన్నాడు. చూడకపోవటమేమిటి. 2023 జూలైలో ఈ జిల్లాలోనే లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. తెలంగాణలో అంతకు ముందెన్నడూ అంత నమోదు కాలేదు. జంపన్నవాగు పొంగి కొండాయిలో మనుషుల ప్రాణాలు తీసింది. "ఆ రాత్రి తెల్లారేదాక మేము కట్టమీదనే ఉన్నం" అన్నాడు. ఆ మరుసటి ఏడాది, 2024 ఆగస్టు 31న, మేడారం, తాడ్వాయి అడవులలో సుడిగాలి వీచి పదులవేల చెట్లను కూల్చివేసింది. డిసెంబరు 4 ఉదయం ఏడున్నర ప్రాంతంలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది, ములుగు జిల్లాయే కేంద్రం. హనుమకొండలో మా ఇంట్లో గిన్నెలు కదిలితే నేను వాకిట్లోకి పరుగెత్తినాను. అతడు మాత్రం సైకిల్ మోటారు వేసుకొని కట్ట దగ్గరికి పోయినాడట, ఎక్కడన్నా చెమ్మ ఊరుతున్నదేమో చూడటానికి. కట్టనుండి నీరు ఊరటం మొదటి దోషమని నేను నల్లబల్ల మీద వ్రాసినాను. అతడు పోయి చేత్తో తడిమి చూచినాడు.

నా మనుమరాలు అంతసేపూ వింటూనే ఉన్నది. ఉన్నట్టుండి, "తాతయ్యా, నీళ్ళు రాకముందు ఆ గుట్టలమీద ఉన్న జంతువులు ఏమయ్యాయి? ఈదుకుంటూ ఒడ్డుకు వచ్చేశాయా, అక్కడే ఉండిపోయాయా?" అని అడిగింది.

నేను నోరు తెరిచి, మళ్ళీ మూసి, "నాకు తెలియదమ్మా" అన్నాను. అతని వైపు చూచినాను. అతడు నవ్వి, "నాకు గుడ ఎరుక లేదు బిడ్డా. మా నాయినుంటే చెప్పేటోడేమో" అన్నాడు. ముగ్గురం కట్టమీద కూర్చొని దానిని గురించే చాలాసేపు మాటాడుకొన్నాము. నీరు ఒక్కరోజులో లేవదు, ఎన్నో వానకాలాలు పట్టి ఉంటుంది, కాబట్టి కాళ్ళున్నవి నడిచి వచ్చి ఉంటాయని అతడన్నాడు. తాబేళ్ళకు ఏ బాధా లేదని నా మనుమరాలు తేల్చింది.

లక్నవరం వెళ్ళే మిత్రులకు ఒక్క మనవి. వంతెన ఎక్కండి, పడవ ఎక్కండి, దీవులను తనివితీర చూడండి. అది చూడవలసిన అందమే. కాని అక్కడితో తిరిగి రాకండి. తూము దగ్గరికి పోయి, నీరు బయటికి వచ్చే చోట ఐదు నిమిషాలు నిలబడండి. ఆ నీటిని పంచే మనిషి కనబడితే పలకరించండి. మీ తాతగారి వయస్సు శాస్త్రాలకన్న అతనికి తెలిసిన సంగతులు ఎక్కువ ఉండవచ్చు.

ఇంటికి వచ్చిన తరువాత అటుకుమీది పెట్టె దింపి, శిక్షణ కాలంనాటి నా నోటుపుస్తకం వెదకినాను. అంచులు పసుపుపచ్చగా మారినా అక్షరాలు బాగానే ఉన్నవి. పన్నెండు అంగాలు, ఆరు దోషాలు. నాలుగవ దోషం ప్రక్కన ఖాళీ ఉన్నది. అక్కడ ఆనాటి తేదీ వేసి, అతని పేరు వ్రాసి, వాళ్ళ నాయన చెప్పిన రెండు కారణాలూ వ్రాసుకొన్నాను. వాటి క్రింద, ఒక ప్రశ్నార్థకం పెట్టి, నా మనుమరాలు అడిగిన మాట కూడ వ్రాసినాను.